రిటైరైన పోటీ గుర్రానికి వీడ్కోలు ఎలా చెప్పాలి

పోటీల్లో తిరిగిన గుర్రంతో ఒక చిక్కుంది, చివరి రోజుల్లో కూడా అది మనల్ని నమ్మించేస్తుంది. గుర్రం అసలే పులులకీ తోడేళ్ళకీ దొరక్కుండా పరిగెత్తి బతికిన జాతి, కుంటుతున్నట్టు కనిపిస్తే ముందు అదే పోతుంది కాబట్టి నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వస్తుంది. దానికి తోడు ఏళ్ళ తరబడి మనమే నేర్పాం, కాస్త ఇబ్బందిగా ఉన్నా రౌండ్ పూర్తి చెయ్యి, జనం మధ్య తలెత్తి నిలబడు, పిలిస్తే రా అని. అందుకే పాతికేళ్ళు దాటిన ముసలి గుర్రం పొద్దున్నే గేటు దగ్గర మిమ్మల్ని చూసి చెవులు నిక్కించి సకిలిస్తే "బానే ఉంది కదా, ఇంకా టైముందిలే" అనేసుకుంటాం. ఆ నిమిషం అబద్ధం కాదు, నిజంగానే మిమ్మల్ని చూసి సంతోషించింది. కానీ మీరు వెళ్ళిపోయాక మిగిలిన రోజంతా అది ఎలా గడుపుతోందన్నదే అసలు సంగతి.

కాబట్టి బాధపడుతున్న ముసలి గుర్రాన్ని నొప్పి తెలియకుండా ప్రాణం తీయించి ఎప్పుడు సాగనంపాలన్న విషయంలో నా మాట ఒకటే. దాని ముఖం చూసి ఆ రోజుకి ఆ రోజు తేల్చుకుందాం అనుకోకండి, మీ మనసు బాగున్న రోజుల్లోనే కొన్ని గుర్తులు కాగితం మీద రాసి పెట్టుకుని వాటిని బట్టి తేల్చుకోండి. వీడ్కోలు బాగా జరగాలంటే ముందుగా ఆలోచించుకున్నది కావాలి, హడావుడిగా అర్ధరాత్రి నేల మీద దొర్లుతున్న గుర్రం పక్కన నిలబడి తీసుకున్న నిర్ణయం ఎవరికీ మంచిగా గుర్తుండదు.

ముందు నిద్ర చూడండి

చాలామంది కుంటడం చూస్తారు, తిండి చూస్తారు, బరువు చూస్తారు, నిద్ర మాత్రం ఎవరూ చూడరు. గుర్రం నిలబడి నిద్రపోతుంది కదా అంటారు. కునుకు తీస్తుంది, కాళ్ళ కీళ్ళు లాక్ అయ్యే ఏర్పాటు దాని ఒంట్లోనే ఉంది కాబట్టి. కానీ కలలొచ్చే గాఢనిద్ర ఉంటుంది చూశారా, అది మాత్రం పడుకుంటేనే వస్తుంది, ఎందుకంటే ఆ నిద్రలో కండరాలు పూర్తిగా వదులైపోతాయి. పెద్ద గుర్రానికి అది రోజుకి అరగంట నుంచి గంట వరకు ఉంటే చాలు, కానీ ఆ కాస్తా కావాల్సిందే. మోకాళ్ళు అరిగిపోయిన గుర్రం, వెన్ను పట్టేసిన గుర్రం పడుకోవడం మానేస్తుంది, లేవగలనో లేదో అన్న భయంతో. కొన్ని రోజులు అలా లాగుతుంది, తర్వాత నిలబడే నిద్రలోకి జారి ముందు కాళ్ళు మడత పడి కూలబడబోయి ఉలిక్కిపడి లేస్తుంది. ముందు కాళ్ళ మోకాళ్ళ మీదా డెక్కకి కాస్త పైనుండే కీలు ముందు వైపునా ఎప్పటికప్పుడు కొత్త దోకుడు గాయాలు కనిపిస్తుంటే, జూల్లో తోకలో పొట్టు గానీ మట్టి గానీ అస్సలు అంటకుండా రోజూ శుభ్రంగా ఉంటుంటే, అది మర్యాదస్తురాలని కాదు, పడుకోవట్లేదని. ఒక చవక కెమెరా లాయంలో పెట్టి వారం రోజులు రాత్రుళ్ళు రికార్డ్ చెయ్యండి. దీనికంటే నిజం చెప్పే పరీక్ష ఇంకోటి లేదని నా నమ్మకం. దోస్తు గుర్రం పోయినా, చోటు మారినా, పరుపు గట్టిగా ఉన్నా కూడా పడుకోకపోవచ్చు కాబట్టి ముందు అవి సరిచేసి చూడండి, మెత్తటి పరుపు మందంగా వేసి, పక్కన నచ్చిన తోడు పెట్టి. అప్పటికీ పడుకోకపోతే అది శరీరం చెప్తున్న మాట.

తర్వాత ముఖం. ముఖం చూసి నిర్ణయం తీసుకోవద్దన్నాను గానీ ముఖాన్ని చదవడం వేరే పని. గుర్రం ముఖంలో నొప్పిని కొలిచే స్కేలు ఒకటి 2014లో పరిశోధకులు తయారుచేశారు, ఆరు గుర్తులు అందులో: చెవులు బిగుసుకుని వెనక్కి తిరగడం, కన్ను సగం మూతపడ్డట్టు ఉండటం, కంటి పైన ఎముక దగ్గర బిగువు, దవడ కండరం ఉబ్బి గట్టిపడటం, మూతి బిగించి గడ్డం ముందుకి పొడుచుకురావడం, ముక్కుపుటాలు బిగుసుకోవడం. ఇవి మీరు ఎదురుగా నిలబడి పలకరిస్తున్నప్పుడు చూడకండి, అప్పుడు అది మీకోసం మారిపోతుంది. దూరం నుంచి, అది మిమ్మల్ని గమనించనప్పుడు చూడండి, వీలైతే ఫోటో తీసి పెట్టండి, మూడు నెలల కిందటి ఫోటో పక్కన పెట్టి చూస్తే కళ్ళు తెరుచుకుంటాయి.

ఒంటి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తా. ఒళ్ళు చూసి 1 నుంచి 9 దాకా మార్కులేసే స్కేలు 1983 నుంచి వాడుకలో ఉంది, 5 దగ్గర ఉంటే బాగున్నట్టు, దాణా సరిగ్గా పెడుతున్నా, పళ్ళు చూపించినా, పురుగు మందు ఇచ్చినా 3 కిందకి జారుతూ ఉంటే ఆలోచించాల్సిందే. ముసలి గుర్రాల్లో పిట్యూటరీ గ్రంథి (మెదడు కింద ఉండే చిన్న గ్రంథి) జబ్బు మామూలే, ఎండాకాలం వచ్చినా పొడుగు బొచ్చు రాలదు, వెన్ను మీద కండ కరుగుతుంది, దాని వెనకాలే ల్యామినైటిస్, అంటే డెక్క లోపల ఎముకని పట్టుకునే పొర వాచి వదులైపోవడం. మందులతో చాలా కాలం నడుస్తుంది, అయితే ల్యామినైటిస్ మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంటే ప్రతిసారీ కోలుకోవడం తగ్గుతూ వస్తుంది. తెల్ల గుర్రాలకి తోక కింద నల్ల గడ్డలు వయసుతో దాదాపు ఖాయం, చాలాకాలం ఏమీ చెయ్యవు, పేడ వెయ్యడానికి అడ్డం పడే స్థాయికి వచ్చినప్పుడు మాత్రం లెక్క మారుతుంది.

ఇంకో మంచి పద్ధతి ఉంది, మీ వెట్‌ని, అంటే పశువైద్యుణ్ణి అడగండి. "దీనికి నొప్పా లేక ముసలితనమా" అని అర్థం కానప్పుడు కొద్ది రోజులు నొప్పి మందు డోసు వెట్ చెప్పినంత పెంచి చూస్తారు. ఆ రోజుల్లో గుర్రం పడుకుంటే, దుమ్ములో దొర్లితే, మిగతావాటితో కలిసి తిరిగితే, ఇన్నాళ్ళూ అది మౌనంగా నొప్పి భరించిందన్నమాట. సొంతంగా డోసు పెంచకండి దయచేసి, ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందులు ఎక్కువైతే కడుపులో పుళ్ళు పడతాయి, పేగు వాస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ మందు రోజూ ఫుల్ డోసులో ఇచ్చినా కూడా గుర్రం లాయం మూల వదిలి రావట్లేదంటే మీకు జవాబు దొరికినట్టే.

కాగితం మీద రాసుకోవాల్సినవి

మీ గుర్రానికి మాత్రమే ఇష్టమైన నాలుగైదు పనులు రాయండి. అందరి గుర్రాలకీ వర్తించేవి కాదు, మీదానికి. వాన పడ్డాక బురదలో దొర్లడం, ఫలానా గుర్రం మెడ కొరుకుతూ నిలబడటం, ట్రాక్టర్ శబ్దం వినగానే కంచె వెంట పరిగెత్తడం, దాణా బకెట్ కాలితో తన్నడం, ఇలాంటివి. వాటిలో ఎన్ని మానేస్తే మాట్లాడుకోవాలో కూడా ఇప్పుడే రాసేయండి. క్యాలెండర్‌లో ప్రతి రాత్రీ మంచి రోజా చెడ్డ రోజా అని ఒక గుర్తు పెట్టండి, చెడ్డవి మంచివాటిని దాటుతున్నాయా అన్నది నెలాఖరుకి మీ జ్ఞాపకం చెప్పదు, ఆ పేజీ చెప్తుంది. జ్ఞాపకానికి మంచి రోజులే ఎక్కువ గుర్తుంటాయి, అది మన తప్పేం కాదు.

ఎవరు ఫైనల్‌గా చెప్పాలన్నది కూడా తేల్చుకోండి. పోటీ గుర్రానికి ఓనర్ ఒకరుంటారు, నడిపిన రైడర్ వేరే, రోజూ చూసుకున్న గ్రూమ్ వేరే, ముగ్గురికీ మూడు అభిప్రాయాలు. నన్నడిగితే గ్రూమ్ మాటకి ఎక్కువ బరువివ్వాలి, ఎందుకంటే దాని పేడ ఎలా ఉందో, రాత్రి నీళ్ళు ఎంత తాగిందో తెలిసింది ఆ మనిషికే. రైడర్‌కి మెడల్ గెలిచిన రోజు గుర్తుంటుంది, గ్రూమ్‌కి నిన్న రాత్రి గుర్తుంటుంది.

వెటర్నరీ వైద్యులు చూసే ప్రశ్నలు కూడా మీ కాగితం మీద ఉండాలి. తగ్గని జబ్బుతో నొప్పి అదుపు తప్పి ఆగకుండా ఉంటోందా? బతికే అవకాశం లేదని తెలిసిన జబ్బా? బతికినన్నాళ్ళూ నొప్పి మందు మీదే, లేదా నాలుగు గోడల మధ్యే ఉంచాలా? పడిపోయి తనకి గానీ చూసుకునేవాళ్ళకి గానీ ప్రమాదం తెచ్చే స్థితిలో ఉందా? వీటిలో ఒక్కదానికి అవును అన్నా మాట్లాడుకునే టైం వచ్చినట్టే.

డబ్బు గురించి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. ఖర్చు భరించలేక నిర్ణయం తీసుకున్నా అది ద్రోహం కాదు. ద్రోహం ఏదంటే ఈ నిర్ణయం నుంచి తప్పించుకోడానికి ఇరవై నాలుగేళ్ళ కుంటి గుర్రాన్ని "మంచి ఇంటికి ఫ్రీగా" అని ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఇచ్చెయ్యడం, అది నాలుగు చేతులు మారి ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలీదు. తెలిసిన చోట, తెలిసిన మనిషి పక్కన పోవడం దానికి వెయ్యి రెట్లు నయం.

ఎమర్జెన్సీకి వేరే కాగితం

మీరు ఎంత ప్లాన్ చేసినా కోలిక్, అంటే గుర్రానికి వచ్చే తీవ్రమైన కడుపు నొప్పి, మిమ్మల్ని అడిగి రాదు. ముసలి గుర్రాల్లో కొవ్వు గడ్డ ఒకటి తాడులా వేలాడుతూ పేగుకి చుట్టుకుని రక్తం ఆపేసే రకం కోలిక్ ఉంటుంది, దానికి ఆపరేషన్ ఒక్కటే దారి, అదీ గంటల్లో. కెనడా తరఫున జంపింగ్‌లో ఊపేసిన గుర్రం బిగ్ బెన్ 1999లో 23 ఏళ్ళ వయసులో కోలిక్‌తోనే పోయింది. అందుకే రెండో కాగితం రాసి లాయం తలుపుకి అంటించండి: కోలిక్ ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నారా లేదా, కాలు విరిగితే ఏం చెయ్యాలి, మీ ఫోన్ కలవకపోతే ఎవరి మాట చెల్లుతుంది, ఏ వెట్‌కి ముందు ఫోన్ చెయ్యాలి. మీరు విమానంలో ఉన్నప్పుడు జరిగితే అక్కడున్న కుర్రాడు మీ పర్మిషన్ కోసం నాలుగు గంటలు గుర్రాన్ని నొప్పితో ఉంచకూడదు కదా. మామూలుగా విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, కడుపు నొప్పితో ఉన్న గుర్రానికి 60 దాటి ఉండిపోతే విషయం సీరియస్ అని అక్కడ అందరికీ తెలిసుండాలి, ఆ అంకెలు కూడా అదే కాగితం మీద రాయండి.

ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ ఇప్పుడే తీసి చదవండి. ఎమర్జెన్సీ కాకపోతే ముందుగా కంపెనీకి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని చాలా పాలసీల్లో ఉంటుంది, వయసు పరిమితి కూడా ఉంటుంది. గుర్రం పోయాక తెలిస్తే ఏం లాభం లేదు.

రోజు, చోటు, పద్ధతి

చలికాలం కఠినంగా ఉండే చోట అయితే చలి మొదలవకముందే ఆలోచించండి. కీళ్ళ నొప్పుల గుర్రానికి గడ్డకట్టిన నేల, జారే మంచు, రోజంతా లాయంలో కట్టేసి ఉండటం, ఇవన్నీ కలిసి ఒక రాత్రి పడిపోయి లేవలేని స్థితికి తెస్తాయి. ఎండ బాగా ఉన్న ఒక మామూలు రోజు, వెట్‌కి తొందర లేని రోజు, మీకు మర్నాడు ఆఫీసు లేని రోజు పెట్టుకోండి. పుట్టినరోజు, పోటీ గెలిచిన తేదీ లాంటివి వద్దు, ప్రతి ఏడూ ఆ తేదీ వస్తుంది.

చోటు చదునుగా, మెత్తగా, గడ్డి ఉన్న నేలగా ఉండాలి, తలుపులు కంచెలు దగ్గర్లో ఉండకూడదు, ముఖ్యంగా ట్రక్కో ట్రాక్టరో అక్కడిదాకా రాగలగాలి. అరటన్ను బరువున్న శరీరాన్ని ఇరుకు లాయంలోంచి బయటికి తియ్యాల్సొస్తే ఎలా ఉంటుందో నేను వర్ణించను, మీరే ఊహించుకుని వద్దనుకోండి. గొయ్యి ముందే తవ్వి పెడితే దానికి మరీ అంచున నిలబెట్టకండి.

పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి ఇంజెక్షన్: ముందు మత్తు మందు, తర్వాత మెడ నరంలో పెట్టిన క్యాథెటర్ (సన్నటి గొట్టం) ద్వారా బార్బిట్యురేట్ అనే గట్టి మత్తు మందు ఓవర్‌డోస్. రెండోది అలవాటున్న చేతితో తుపాకీ. రెండోదాని పేరు వినగానే మొహం తిప్పేసుకుంటారు గానీ సరిగ్గా చేస్తే అది క్షణంలో అయిపోతుంది, సూదంటే బెదిరిపోయే గుర్రానికి కొన్నిసార్లు అదే నయం, శరీరంలో మందు కూడా మిగలదు. శబ్దం, రక్తం మాత్రం ఉంటాయి, చూసేవాళ్ళకి అది కష్టం. మీ దేశంలో చట్టం దేన్ని ఒప్పుకుంటుందో, మీ దగ్గర ఎవరికి అనుభవం ఉందో వెట్‌ని అడిగి తేల్చుకోండి. చివరికి మీ గుర్రం దేనికి తక్కువ బెదురుతుందన్నదే చూడాలి.

ఆఖరి రెండు మూడు రోజులు

మనుషుల్లో చాలామంది ఇక్కడే అతి చేస్తారు. ఫేర్‌వెల్ పార్టీ, ముప్ఫై మంది, బెలూన్లు, జూలు అల్లి పోటీ జీను వేసి ఫోటో షూట్, అదేదో సన్మాన సభలాగ. గుర్రానికి కావాల్సింది నిన్న ఎలా ఉందో ఇవాళ కూడా అలాగే ఉండటం. దాణా అదే టైముకి, గ్రూమింగ్ అదే బ్రష్‌తో, మైదానంలోకి అదే తోడుతో. రావాల్సిన మనుషుల్ని విడివిడిగా రమ్మనండి: పాత రైడర్, పాత గ్రూమ్, లాడాలు కొట్టిన ఆయన, మొదట ట్రైనింగ్ ఇచ్చిన ఆవిడ. ఒక్కొక్కరికి అరగంట, దానితో ఒంటరిగా. పాత రైడర్ మెడ గోకిన చోటే గోకితే గుర్రం పెదవి ఇంకా అలాగే వంకర తిప్పుతుంది, ఎన్నేళ్ళైనా. ఏడుపొస్తే ఏడవండి, కానీ అది లాయం బయటైతే మంచిది. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో గుర్రాన్ని నడిపించే మనుషులకి "ఈసారి పక్కన గొడుగు తెరుస్తాం" అని చెప్పారు, నిజానికి గొడుగు తెరవలేదు, అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దానితోపాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. మీ గుండెలో ఉన్నది దానికి తెలుస్తుంది, ఎందుకో మాత్రం తెలీదు, అదే దానికి భయం.

ఇష్టమైనవి పెట్టండి. ఇన్నాళ్ళూ ల్యామినైటిస్ అని ఆపేసిన ఆపిల్, క్యారెట్ ఆ చివరి పూట పెట్టొచ్చు, ఆ పూటే కానీ వారం ముందు నుంచి కాదు, మీరనుకున్న రోజుకి ముందే కోలిక్ తెప్పించకండి. పళ్ళు లేని గుర్రానికి సన్నగా తురిమి నానబెట్టి పెట్టండి, లేకపోతే గొంతులో అడ్డం పడుతుంది.

లాడాలు ఉంటే లాడాలు కొట్టే మనిషిని పిలిపించి ముందే తీయించి దాచుకోండి, తర్వాత తియ్యడం కష్టం, ఎవరికీ మనసొప్పదు కూడా. తోక వెంట్రుకలు కావాలంటే పైన రబ్బరు బ్యాండ్ గట్టిగా వేసి దానికి పైగా కత్తిరించండి, బ్యాండ్ లేకుండా కత్తిరిస్తే చేతిలో చెదిరిపోతాయి, తర్వాత అల్లించడం కుదరదు. కడిగి పూర్తిగా ఆరబెట్టాకే కవర్లో పెట్టండి. పోటీ రిబ్బన్లు, జీను కింద వేసే గుడ్డ, పేరు రాసిన హాల్టర్ (తలకి కట్టే పట్టీ), వీటిలో ఎవరికి ఏది అన్నది అప్పుడే తేల్చుకుంటే తర్వాత మాట పట్టింపులు రావు, పాత గ్రూమ్‌ని మాత్రం లిస్టులో మర్చిపోకండి.

ఆ కాసేపట్లో ఏం జరుగుతుంది

ఇది తెలుసుకుని వెళ్ళండి, తెలియకుండా వెళ్తే అక్కడ చూసింది వేరేలా అర్థమవుతుంది. మెడ దగ్గర కాస్త బొచ్చు గీసి క్యాథెటర్ పెడతారు. మత్తు ఎక్కాక తల కిందకి వాలుతుంది, కింది పెదవి వేలాడుతుంది. మీరు చెప్పాల్సింది ఏమైనా ఉంటే అప్పుడే చెప్పేసి, తాడు వెట్‌కో అలవాటున్న మనిషికో ఇచ్చి పక్కకి రావాలి. ఆఖరి క్షణం దాకా మెడ పట్టుకుని నిలబడతానంటే కుదరదు, గుర్రం ఎటు పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, మీ మీద పడితే కాళ్ళు విరుగుతాయి. ఆఖరి మందు పెద్ద సిరంజిలతో వేగంగా ఎక్కిస్తారు, నిమిషం లోపే సాధారణంగా కూలబడుతుంది, ఒక్కోసారి నెమ్మదిగా కూర్చున్నట్టు, ఒక్కోసారి ఒకేసారి ధబ్‌మని. ఆ చప్పుడు పెద్దది, దానికి సిద్ధంగా ఉండండి.

పడ్డాక కొన్ని నిమిషాలు పెద్దగా ఒకట్రెండు శ్వాసలు రావచ్చు, కండరాలు అదరొచ్చు, కాలు కదలొచ్చు, కళ్ళు తెరుచుకునే ఉంటాయి. అప్పటికే స్పృహ లేదు, నొప్పి లేదు, నరాల్లో మిగిలిన కదలిక అది. వెట్ స్టెతస్కోప్ పెట్టి గుండె ఆగిందని విని, కంటి గుడ్డు మీద తాకి చూసి రెప్ప కదలట్లేదని చూసుకుని అప్పుడు చెప్తారు. ఆ మాట విన్నాకే దగ్గరికెళ్ళి తల దగ్గర కూర్చోండి.

ఉండలేను అనిపిస్తే ఉండకండి, అందులో తప్పేం లేదు. కానీ ఒక్క షరతు, దానికి బాగా తెలిసిన మనిషి ఎవరో ఒకరు ఉండాలి.

తర్వాత చెయ్యాల్సినవి

ఇంజెక్షన్‌తో పోయిన గుర్రం శరీరంలో ఆ మందు చాలా కాలం ఉంటుంది, దాన్ని తిన్న కుక్కలు, గద్దలు, రాబందులు చచ్చిపోతాయి. అందుకే పూడ్చేది బాగా లోతుగా, బావులకీ నీటికీ దూరంగా, ఆ రోజే పూడ్చాలి, అప్పటిదాకా టార్పాలిన్ కప్పి ఉంచాలి. కొన్నిచోట్ల పూడ్చడమే చట్టం ఒప్పుకోదు, కాబట్టి ముందే కనుక్కోండి. దహనం చేయించి బూడిద కావాలంటే ఒక మాట, గుర్రం బూడిద చిన్న కలశంలో పట్టేది కాదు, పెద్ద పెట్టెల లెక్క, కొంతే తీసుకుంటామని ముందే చెప్పొచ్చు. శరీరం తీసుకెళ్ళే బండి వస్తే వించ్‌తో లాగి ఎక్కిస్తారు, ఆ పని మీరు చూడకండి, లోపలికెళ్ళి టీ తాగండి, ఇది నేను గట్టిగా చెప్తున్నా.

పేరున్న గుర్రాలకి ఎలా చేశారో చూస్తే రకరకాలు. ఇంగ్లండ్‌లో జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రప్పందేన్ని 1973, 1974, 1977లో మూడుసార్లు గెలిచిన రెడ్ రమ్ 1995లో 30 ఏళ్ళకి పోతే, ఆ పందెం జరిగే ఏన్‌ట్రీ మైదానంలో గెలుపు గీత పక్కనే పూడ్చారు. రేసు గుర్రాలకి తల, గుండె, డెక్కలు మాత్రమే పూడ్చే ఆనవాయితీ ఒకటుంది, 1989లో ల్యామినైటిస్ వల్ల 19 ఏళ్ళకే సాగనంపాల్సి వచ్చిన అమెరికన్ రేసు గుర్రం సెక్రటేరియట్‌ని మాత్రం మొత్తంగా పూడ్చారు, గౌరవంగా. 1956 ఒలింపిక్స్‌లో గాయపడ్డ రైడర్‌ని మోస్తూ బంగారు పతకాలు తెచ్చిన జర్మన్ గుర్రం హల్లా 1979లో 34 ఏళ్ళకి పోయింది, ఆ పేరు ఇంకో పోటీ గుర్రానికి పెట్టకూడదని జర్మన్ గుర్రపు స్వారీ ఫెడరేషన్ పక్కన పెట్టేసింది. రాయి, గోరీ ఏదీ అవసరం లేని గుర్తు అది, నాకు అన్నిటికంటే నచ్చింది కూడా అదే.

తోటి గుర్రాన్ని మర్చిపోకండి. వీలైతే శరీరం దగ్గరికి వదలండి, వాసన చూస్తుంది, మూతితో తోస్తుంది, కాసేపు పక్కన నిలబడుతుంది, తర్వాత దానంతటదే మేతకి వెళ్ళిపోతుంది. చూడని గుర్రం మాత్రం కంచె వెంట అరుస్తూ తిరగొచ్చు, రోజుల తరబడి. ఆ రాత్రి దాన్ని ఒంటరిగా ఉంచకండి, తిండి తగ్గిందా, పడుకుంటోందా చూస్తూ ఉండండి, ఇద్దరే ఉన్న చోటైతే తాత్కాలికంగా ఇంకో తోడు ముందే మాట్లాడి పెట్టుకోండి. పోయిన గుర్రంలాగే ఉన్నదాన్ని వెతక్కండి, మెతక స్వభావం ఉన్నది చాలు.

పిల్లలుంటే దాచకండి, "ఊరికి పంపించేశాం" అంటే అది ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతారు. శరీరాన్ని చూడాలా వద్దా అన్నది వాళ్ళనే అడగండి.

ఫేస్‌బుక్‌లో పెట్టేముందు దగ్గరివాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఆ గుర్రం మీద ఎనిమిదేళ్ళు కూర్చున్న రైడర్‌కి ఫోన్ స్క్రోల్ చేస్తుంటే ఈ వార్త తెలియకూడదు. పేరున్న గుర్రమైతే కామెంట్లలో "ఇంకా ట్రై చెయ్యాల్సింది, మా గుర్రం 33 ఏళ్ళు బతికింది" అనేవాళ్ళు తప్పకుండా వస్తారు. వాళ్ళకి మెడికల్ రిపోర్ట్ చెప్పాల్సిన పని లేదు, "వెట్‌తో కలిసి తీసుకున్న నిర్ణయం" అని ఒక్క ముక్క రాసి వదిలేయండి. మీకే అనుమానం వస్తుంది చూడండి, రెండో వారమో మూడో వారమో, తొందరపడ్డానేమో అని, అప్పుడు ఆ క్యాలెండర్ పేజీలూ ఆ రాత్రి కెమెరా రికార్డింగులూ తీసి చూసుకోండి. ముందే రాసి పెట్టుకోమన్నది సగం గుర్రం కోసం, సగం ఈ రోజు కోసం.

కాగితాల పని వారంలోపే ముగించండి. గుర్రం పాస్‌పోర్ట్‌ని, అంటే దాని గుర్తింపు పత్రాన్ని, అది ఇచ్చిన సంస్థకి తిరిగి పంపాలి, కొన్ని దేశాల్లో దానికి గడువుంటుంది, జ్ఞాపకంగా ఉంచుకుంటామని అడిగితే రద్దు ముద్ర వేసి వెనక్కి ఇచ్చే సంస్థలున్నాయి. బ్రీడ్ రిజిస్ట్రీకి (గుర్రాల జాతి వివరాలు నమోదు చేసే సంస్థ), ఫెడరేషన్‌కి, మైక్రోచిప్ డేటాబేస్‌కి చెప్పాలి, లేకపోతే వ్యాక్సిన్ రిమైండర్లు వస్తూనే ఉంటాయి, ఆ మెసేజ్ చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది. మిగిలిన మందులు వెట్‌కి తిరిగిచ్చేయండి, పక్క గుర్రానికి వాడేయొద్దు, పోటీల్లో ఉన్న గుర్రానికి అయితే అసలే వద్దు, డోపింగ్ పరీక్షలో దొరికితే అదో తలనొప్పి. జీను ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ వీపు ఆకారం ఏ రెండు గుర్రాలకీ ఒకటి కాదు, ఫిట్టింగ్ చూసే మనిషితో చూపించాకే ఇంకోదానికి వెయ్యండి.